ఉప్పు బిడారులు

అమెరికా మున్నగు దేశములలో నేడు కొందఱు సెలవు దినములు గడపుటకు ఒక వింతయైన మోటారు బండిని వాడుదురు. పరుండుటకు మంచములు, వంటకు పొయ్యి, స్నానమునకు గది, నీటితొట్టి, దీపములు అన్నియు ఆ బండిలోనే అమర్చబడి యుండును. భార్యాబిడ్డలతో దానియందు బయలుదేరినవారు ఒక రాత్రి మహానగరపు శివారున నిలుతురు. మఱునాటి రాత్రి గోధుమచేల నడుమ నిలుతురు. ఇచ్చ కలిగినచో సరిహద్దు దాటి, పొరుగుదేశమైన కెనడాలోని పట్టణములను పల్లెలను చూచి వత్తురు. వారికి సత్రము వెదకుకొను పని లేదు. ఇల్లే వారివెంట నడచుచుండును. ఇంగ్లండులో వాహనము వెనుక కట్టి లాగు ఇట్టి ఇంటిబండికి ‘కారవాన్’ అని పేరు.

ఈ మాట నిజమునకు ఆంగ్లేయులది కాదు. పారశీక భాషలో ‘కార్వాన్’ అనగా గుంపుగా కూడి పయనించు వర్తకుల సమూహము. తెలుగులో దానిని బిడారు అందుము. హైదరాబాదు నగరమున గోలకొండకు పోవు దారిలో కార్వాన్ అను పేట నేటికిని కలదు. దూరదేశపు వర్తకులు తమ సరకులతో వచ్చి దిగిన తావది. ఆంగ్లేయులు ఆ మాట తుదిభాగమును మాత్రము విఱిచి తీసికొని ‘వ్యాన్’ అనిరి. మన వీధులలో పాలను, కూరగాయలను మోయు వ్యాను ఆ పాతమాటకు మిగిలిన తునకయే.

ఇల్లు వెంటబెట్టుకొని పొరుగు రాజ్యమునకు పోయివచ్చుట మన గుంటూరు, ప్రకాశము సీమలకు క్రొత్తగాదు. మోటారు బండి పుట్టుటకు కొన్ని వందల యేండ్లకు ముందే, నేడు పత్తియు మిరపయు పండుచున్న ఈ నల్లరేగడి మైదానముల మీదుగా వేలకొలది కుటుంబములు తమ పిల్లలతో, కుక్కలతో, వంటపాత్రలతో సహా ప్రతి సంవత్సరము నడచుచుండెను. అది విహారయాత్ర కాదు. వారు మోసినది ఉప్పు.

ఉప్పును అంతదూరము మోయవలసిన అక్కఱ ఏల కలిగెనో ముందు తెలిసికొనవలెను. చీరాలకు దక్షిణమున సముద్రపుటొడ్డున చినగంజాము అను ఊరు ఉన్నది. ఆ ప్రాంతమున తీరపునేల చదునుగా నుండి, పోటునీటిని సులభముగా లోపలికి రానిచ్చును. ఉప్పునీటిని కాలువల ద్వారా మడులలోనికి పాఱించి, ఎండకు ఇగుర్చుదురు. నీరు ఆవిరియైపోగా అడుగున ఉప్పు పేరుకొనును. దానిని పోగుచేసి గట్లమీద కుప్పలు వేయుదురు. ఎండలు ముదిరినకొలది పని ముమ్మరమగును. వానలు మొదలైనచో మడులు మునిగి, ఆ యేటి పంట ముగియును. ఉప్పును కూడ ఇచ్చటివారు ‘పంట’ యనియే పిలుతురు.

ఇక పడమటి వైపు చూడుడు. కృష్ణానదికి ఆవలనున్న హైదరాబాదు నిజాము రాజ్యమునకు సముద్రతీరము లేదు. అచ్చటి ప్రజలు చౌటినేలలనుండి కొంత ఉప్పు తీసెడివారు గాని అది చేదుగా నుండును, చాలదు కూడ. మనుష్యునకు ఉప్పు లేక గడవదు, పశువులకును గడవదు, పచ్చళ్ళు పెట్టుకొను తెలుగువారికి మఱింత కావలెను. తీరమున కుప్పలు పడియున్న వస్తువు నూఱు క్రోసుల దూరమున నున్న పల్లెలో అమూల్యమగుచుండెను. ఈ రెంటిని కలుపువాడెవడో వాడే నాటి వర్తకుడు.

బండ్లమీద పంపరాదా యని మీరు అడుగవచ్చును. నల్లరేగడి నేలను ఎఱిగినవారు ఈ ప్రశ్న వేయరు. ఒక్క మంచివాన కురిసినచో ఈ నేల జిగురై, బండిచక్రము ఇరుసుదాక దిగబడును. మండువేసవిలో నెఱ్ఱెలు విచ్చి పశువుల కాళ్ళు ఇఱుకుకొనును. కంకర పఱచిన రస్తాలు పందొమ్మిదవ శతాబ్దము నడుమ వఱకు మిక్కిలి అరుదు. పైగా పడమట నల్లమల కొండలు, కనుమలు, వాగులు అడ్డముగా నున్నవి. చక్రమునకు దారి కావలెను. ఎద్దు గిట్టకు కాలిబాట చాలును. కావున సరకును ఎద్దు వీపుననే వేసిరి. వీపుమీదుగా ఇరువైపుల సమముగా వ్రేలాడునట్లు కుట్టిన గోనెసంచుల జతకు ‘పెరిక’ అని పేరు. ఆ బరువు మోయు ఎద్దే పెరికయెద్దు.

ఈ వర్తకమున మేటి లంబాడీలు. వీరినే బంజారాలు, సుగాలీలు అనియు అందురు. ‘బంజారా’ అను పేరు వాణిజ్యమను మాటకు చుట్టమనియు, ‘లంబాడీ’ అనునది లవణ శబ్దమునుండి వచ్చినదనియు పలువురు చెప్పుదురు. పేరులోనే వర్తకము, ఉప్పు రెండును కలవన్నమాట. వీరి భాష రాజస్థానపు భాషలకు దగ్గఱిది. ఎప్పుడో వాయవ్యమునుండి సైన్యముల వెంట ధాన్యము మోయుచు దక్కనునకు దిగివచ్చి, ఇచ్చటనే నిలిచిపోయిరి. వీరి గుంపునకు తండా యని పేరు. తండాకు పెద్ద నాయకుడు. ఏ తావున సరకు కొనవలెనో, ఏ త్రోవన పోవలెనో, ఎచ్చట నీరు దొరకునో నిర్ణయించువాడు అతడే. తగవులు తీర్చువాడును అతడే.

ఆ బిడారులు ఎంత పెద్దవో నేడు ఊహించుట కష్టము. 1632వ సంవత్సరమున పీటర్ మండీ అను ఆంగ్లేయ వర్తకుడు ఉత్తర హిందూస్థానమున ఒక తండాను చూచెను. అందు ధాన్యము మోయుచున్న ఎద్దులు 14,000. అదే శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించిన తవెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు పదివేలు, పండ్రెండువేల ఎద్దుల బిడారులు సామాన్యమని వ్రాసెను. ఇఱుకు త్రోవలో అట్టి మంద ఎదురైనచో, అది దాటిపోవు వఱకు ప్రయాణికులు రెండు మూడు దినములు ప్రక్కన నిలువవలసి వచ్చెడిదట. ఆనాడు వాహనములు నిలిచిపోవుటకు ఎద్దులే కారణము! వీరిలో నాలుగు తెగలు కలవనియు, ఒక తెగ జొన్న మొదలగు ధాన్యమును, ఒకటి బియ్యమును, ఒకటి పప్పుదినుసులను, ఒకటి ఉప్పును మాత్రమే మోయుదురనియు ఆయన చెప్పినాడు.

ఒక్కొక్క ఎద్దు సుమారు 120 కిలోల బరువు మోయును. లెక్కవేసి చూడుడు. పదివేల యెద్దుల బిడారు మోయు సరకు 1,200 టన్నులు. రోడ్డు లేదు, నూనె లేదు, యంత్రము లేదు. ఐనను అంత సరకు కదలెను.

ఎట్లు కదలెనో తెలియవలెనన్న వారి దినచర్యను చూడవలెను. తండా దినమునకు ఆఱు ఏడు మైళ్ళకంటె ఎక్కువ నడవదు. ఇది సోమరితనము కాదు, వ్యాపారపు కిటుకు. ఎద్దులకు మేత కొనవలసి వచ్చినచో ఉప్పుమీది లాభమంతయు ఆ మేతకే చాలదు. కనుక తెల్లవాఱుజామున బయలుదేఱి, ఎండ ముదురకమునుపే నిలిచి, బరువులు దించి, సాయంకాలము వఱకు పశువులను బీళ్ళలో, కొండవాలులలో మేయనిత్తురు. మేత ఊరక దొరకును గనుకనే సరకును అంత చౌకగా మోయగలిగిరి. ఉత్తముడైన నాయకుడు దూరమును మైళ్ళతో కొలువడు, గడ్డితో కొలుచును. ఏ మాసమున ఏ లోయలో పచ్చిక మిగిలియుండును, ఏ చెఱువు మాఘమాసమునకే ఎండిపోవును అను సంగతులు అతనికి కంఠస్థము.

చినగంజామునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. దినమునకు పదికిలోమీటర్ల చొప్పున పోవుటకు ఒక నెల, వచ్చుటకు ఒక నెల. నేడు లారీ ఒక్క రాత్రిలో పోవు దూరమది. నెలలకొలది సాగు ప్రయాణమునకు ఇల్లు విడిచి పోవుట ఎట్లు? అందుచేత ఇంటినే తీసికొనిపోయిరి. తండా దారిలో ఉండగనే బిడ్డలు పుట్టిరి, పెండ్లిండ్లు జరిగెను, ముసలివారు కన్నుమూసిరి. నడువలేని శిశువులను మూటలనడుమ ఎద్దుమీద కూర్చుండబెట్టెడివారు.

అన్నిటికి ముందు ఒక ఎద్దు నడచును. దాని మెడలో గంటలు, కొమ్ములకు రంగుగుడ్డలు. దానిమీద బరువు వేయరు. దానిని దైవమువలె చూచెదరు. అది నిలిచినచోట తండా నిలుచును. ఆ గంటల మ్రోత విని వెనుకవారు ధూళిలోనైనను దారి తప్పక వత్తురు. స్త్రీలు అద్దపుబిళ్ళలు కుట్టిన రవికలతో, మోచేతులదాక తెల్లని గాజులతో మందల ప్రక్కన నడుతురు. మగవారు నడచుచునే జనపనార వడికి పురి పెట్టుదురు. గోనెలు చిరుగుట నిత్యము. వాటిని కుట్టుటయు నిత్యము. చేయి ఖాళీగా నడచినవానికి తండాలో గౌరవము లేదు.

బస దిగిన వెంటనే పెరికలను దించి, ఒకదానిపై నొకటి పేర్చి గుండ్రముగా గోడ కట్టుదురు. ఆ గోడలోపల పొయ్యిలు, పిల్లలు, కొన్ని గుడారములు. వెలుపల కుక్కలు. ఉప్పే సరకు, ఉప్పే కోట! దొంగల భయమున్న అడవిదారులలో ఇంతకంటె తేలికైన దుర్గము మఱొకటి లేదు. తెల్లవాఱునప్పటికి ఆ కోట మాయమై ఎద్దులవీపుల మీద నడచుచుండును. ఒక్కొక్క పెరికను ఎత్తుటకు ఇరువురు కావలెను. వేయిపెరికలను దినమునకు ఒకమాఱు దించి ఒకమాఱు ఎత్తవలెను. ఆ పని ఎంతటిదో ధాన్యపు బస్తా ఒక్కటి ఎత్తి చూచినవారికి తెలియును.

వర్షకాలము రాగానే ప్రయాణము ఆగును. ఎత్తైన ఒక తావున గుడిసెలు వేసికొని, పశువులను సేదదీర్చి, గోనెలు నేసికొందురు. కొత్త ఎద్దులకు బరువు అలవాటు చేయుదురు. వానలు వెనుదీసి నేల గట్టిపడిన పిదప మరల కదలుదురు.

ఇట్లు నడచుచు కృష్ణ దాటినవారు నిజముగా పొరుగు రాజ్యమున అడుగుపెట్టెడివారు. గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీవారి వశమైనది. పల్నాడు 1801లో వారికి చేరినది. నది ఆవలి గట్టు నిజాముది. పాలకుడు వేఱు, నాణెము వేఱు, సుంకము వేఱు. ఇచ్చటి కచ్చేరీలో ఇంగ్లీషు దొర. అచ్చట పారశీకమున వ్రాయు గుమాస్తా. ఐనను తండాను రెండు రాజ్యములవారును ఆపరు. ఆపినచో ఊరికి ఉప్పు రాదు. యుద్ధకాలమున సైతము ఇదే రివాజు. పోరాడు రెండు సేనలకును లంబాడీలు ధాన్యము అమ్మెడివారు. వారి జోలికి పోయిన సేనకు మఱునాడు తిండి ఉండదు. 1799లో శ్రీరంగపట్టణముపై దండెత్తినపుడును, 1803లో మహారాష్ట్రులతో పోరినపుడును ఆర్థర్ వెల్లస్లీ తన సైన్యపు ఆహారమునకు ఈ బిడారులపైననే ఆధారపడెను. ఈయనయే పిదప నెపోలియనును వాటర్లూవద్ద గెలిచిన వెల్లింగ్టన్ ప్రభువు.

పల్లెలలో ఉప్పు అమ్మిన పిదప ఎద్దులు ఖాళీగా తిరిగిరావు. దక్కను మెట్టభూములలోని పత్తిని, ధాన్యమును పెరికల కెత్తుకొని తీరమునకు వచ్చును. తీరపు సాలెలు ఆ పత్తితో నేసిన వస్త్రములు ఓడలెక్కి సముద్రములు దాటెడివి. అంతకు ముందు కాలముననే కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున శాసనము వేయించి, దూరదేశముల ఓడవర్తకులకు అభయమిచ్చి, సుంకములు నిర్ణయించియుండెను. ఆ మోటుపల్లి చినగంజామునకు దగ్గఱనే ఉన్నది. ఓడకును ఊరికిని నడుమ ఎద్దులబాట లేకున్నచో రేవువలన ప్రయోజనమేమి?

లంబాడీల పెద్ద బిడారులు దాటిపోయిన దారుల ప్రక్కన, చిన్న పల్లెలకు ఉప్పు చేర్చినవారు వేఱొకరు. వారు ఎఱుకలవారు. రెండుమూడు కుటుంబములు కూడి, కొన్ని ఎద్దులమీదనో గాడిదలమీదనో ఉప్పు వేసికొని, లోపలి గ్రామములలో ఇంటింట తిరిగి, ధాన్యమునకు మార్చుకొనెడివారు. తిరుగుదారిలో అడవినుండి చింతపండు, కరివేపాకు తెచ్చి తీరమున అమ్మెడివారు. మగవారు ఈతాకు బుట్టలల్లుదురు. స్త్రీలు ఎఱుక చెప్పుదురు. వారిలో ‘ఉప్పు ఎఱుకల’, ‘కరివేపాకు ఎఱుకల’ అను శాఖలే కలవు. చేసిన వర్తకమే ఇంటిపేరువలె నిలిచినది.

ఈ బాట ఎట్లు మూతపడెనో చెప్పుటకు పెద్ద యుద్ధము గాని, విపత్తు గాని ఒక్కటి చూపజాలము. తలుపులు ఒక్కొక్కటిగా మూసికొనెను. 1805లో కంపెనీవారు మద్రాసు రాజధానిలో ఉప్పును తమ గుత్త చేసికొనిరి. పండించినవాడు ఉప్పును ప్రభుత్వపు కొఠారుకే ఇయ్యవలెను. కొనువాడు వారు చెప్పిన ధరకే కొనవలెను. ధర పెరిగెను. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కఱవులో మేతలేక, నీరులేక ఎద్దులు కుప్పలుగా పడిపోయెను. ఎద్దు పోయిన లంబాడీ చక్రము విఱిగిన బండి వంటివాడు. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చినది. తాతలనాటినుండి ఊరక మేపుకొన్న కొండవాలులకు ఇప్పుడు పుల్లరి కట్టవలెను. గడ్డి ఊరక దొరకుటయే ఈ వర్తకపు మూలధనమని పైన చెప్పితిని గదా!

తుదకు రైలు వచ్చినది. నిజాము రైలుమార్గము 1889 నాటికి బెజవాడ చేరెను. 1890 ప్రాంతమున గుంతకల్లునుండి మార్కాపురము, నరసరావుపేట, గుంటూరుల మీదుగా మఱొక దారి పడెను. 1899లో మద్రాసు, బెజవాడల నడుమ ఒంగోలు, చీరాల, బాపట్లల మీదుగా తీరపుదారి కలిసెను. పదివేల ఎద్దుల సరకు 1,200 టన్నులని లెక్కవేసితిమి. నేటి గూడ్సుపెట్టె ఒక్కటి సుమారు 60 టన్నులు మోయును. అనగా ఇరువది పెట్టెలు చాలును. ఆనాటి పెట్టెలు చిన్నవే యైనను, నెలపట్టు దూరమును అవి ఒక దినమున దాటెను. ఉప్పు స్టేషనులో దిగును. అచ్చటినుండి షావుకారు బండిమీద సంతకు తోలించును. ఎద్దులబాటకు పని లేకపోయెను.

రైలును నిందించుట నా అభిప్రాయము కాదు. 1832, 33 సంవత్సరములలో గుంటూరు జిల్లాలో వచ్చిన నందన కఱవు తలచుకొన్నచో ఆ మాట అనజాలము. అప్పుడు సుమారు 5 లక్షల జనములో 2 లక్షలమంది వఱకు మరణించిరని అంచనా వేసిరి. వేఱుచోట ధాన్యమున్నను తెచ్చుటకు ఎద్దులే గతి. త్రోవపొడుగున గడ్డియు నీరును లేనిచోట ఎద్దు నడువలేదు. బిడారునకు సరిగా కఱవునాడే కాళ్ళు ఆడవు. ఈ లోపమును రైలు తీర్చగలిగినది. కాని రైలు దారి వేసినవారు, ఆ దారివలన బ్రతుకుతెరువు పోయినవారికి ఏమి దారి చూపవలెనని ఆలోచింపలేదు.

ఆలోచింపకపోగా అనుమానించిరి. సరకు మోయుచు తిరుగువాడు వర్తకుడు. సరకు లేక తిరుగువాడు ఎవడు? స్థిరమైన ఇల్లులేక, పొలములేక, పన్నుపుస్తకములో పేరులేక తిరుగు జాతులన్నియు దొంగలే యని నాటి ప్రభుత్వము తలచెను. 1871లో ఉత్తర హిందూస్థానమున నేరస్థ జాతుల చట్టము చేసిరి. 1911లో దానిని సవరించి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఆ చట్టము క్రింద ఒక మనుష్యుడు ఏ నేరమును చేయనక్కఱలేదు. ఆ జాతిలో పుట్టిన చాలును. వ్రేలిముద్రలు తీసికొందురు, పోలీసువారి యెదుట హాజరు చెప్పుకొనవలెను, ఊరు దాటవలెనన్న చీటి ఉండవలెను. దూరపు దారులన్నియు నడచినవారికి ఊరిపొలిమేర దాటుటకు అనుమతి కావలసివచ్చెను! ఎఱుకలవారితోపాటు కొన్ని చోట్ల లంబాడీలును ఈ పట్టికలో చేరిరి.

1913, 14 సంవత్సరములలో సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థ నడపుటకై, బాపట్ల, చీరాలల నడుమ ఎఱుకలవారికి ఒక నివాసస్థలము ఏర్పఱచిరి. మద్రాసు ప్రభుత్వమున పెద్దపదవిలో నున్న హెరాల్డ్ స్టూవర్టు పేర దానికి స్టూవర్టుపురమని పేరు పెట్టిరి. కృష్ణ ఒడ్డున సీతానగరమునందును అట్టిదే మఱొకటి వెలసెను. స్టూవర్టుపురమున కొందఱికి భూమి నిచ్చి వ్యవసాయము నేర్పిరి, బడి పెట్టిరి, మఱికొందఱు చీరాల పొగాకు కార్ఖానాలో కూలికి కుదిరిరి. మంచి కొంత జరిగెననుటలో సందేహము లేదు. కాని తలుపు వెలుపలినుండి గడియ వేసిన ఇల్లు ఎంత చక్కనిదైనను ఇల్లనిపించుకొనదు. ఆ ఊరి స్టేషను నేటికిని తీరపు రైలుమార్గముననే ఉన్నది. వారి ఉప్పుబాటను మూసిన రైలు వారి వాకిటనే పోవుచుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1952 ఆగస్టు 31న, ఈ చట్టము దేశమంతట రద్దైనది. చట్టము పోయినంత తేలికగా అపవాదు పోలేదు. స్టూవర్టుపురమన్న పేరు వినగానే దొంగతనములే తలచుకొను అలవాటు చాలకాలము నిలిచినది. చలనచిత్రములు దానిని మఱింత పెంచినవి. 1970 దశకమున హేమలతా లవణముగారు, ఆమె భర్త లవణముగారు ఆ ఊరిలో ప్రవేశించి, నేరజీవితమున చిక్కినవారిని మార్చుటకును, వారి కుటుంబములను నిలబెట్టుటకును కృషిచేసిరి. హేమలతగారు వినుకొండ సీమలో పుట్టిన మహాకవి గుఱ్ఱము జాషువగారి కుమార్తె. ఆ ఊరి బిడ్డలు నేడు చదువుకొని పలు ఉద్యోగములలో ఉన్నారు. ఊరిపేరు చెప్పుకొనుటకు వారు జంకవలసిన పని లేదు. జంకవలసినది ఆ పేరుపై నింద మోపినవారే.

ఎద్దులు పోయిన లంబాడీలు తండాలను నిలిపివేసి, దొరికిన మెట్టనేలను దున్నుకొనిరి. కృష్ణకు ఈవల మాచెర్ల, వెల్దుర్తి ప్రాంతములలోను, ఆవల నల్లగొండ సీమలోను వారి ఊళ్ళకు తండాలనియే పేరు. నడచెడి గుంపునకు పెట్టిన పేరు కదలని ఊరికి నిలిచినది. హైదరాబాదులో ఖరీదైన భవనములున్న బంజారా హిల్సు సైతము ఒకనాటి వారి బసను బట్టియే ఆ పేరు పొందినది. అచ్చట ఇప్పుడు ఎద్దునకు మేయ గడ్డి దొరకదు.

ఇల్లు వెంటబెట్టుకొని ఈ మైదానమునకు వచ్చువారు మాత్రము నేటికిని కలరు. సంక్రాంతి దాటగానే గుంటూరు, ప్రకాశము, పల్నాడు చేలలో మిరప పండి ఎఱ్ఱబడును. ఒక్కసారిగా అంత పంట కోయుటకు ఊరివారు చాలరు. కర్నూలు జిల్లా పడమటి భాగమున కోసిగి, ఆదోని మున్నగు చోట్ల వర్షాధారపు పంటలు ముగిసి పని లేని కాలమది. అచ్చటి కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, వాహనములలో ఈ దిక్కునకు వత్తురు. ఈ ప్రయాణమును వారు ‘సుగ్గికి పోవుట’ యందురు. కొందఱు పత్తి తీయుటకు ముందుగానే వత్తురు.

వారి బస చేలగట్టుననో కల్లము ప్రక్కననో ఉండును. నాలుగు కఱ్ఱలమీద పఱచిన టార్పాలిన్ పట్టా ఇల్లు. మూడు రాళ్ళు పొయ్యి. బియ్యపు మూట, నీళ్ళబిందె, ఒక ఇనుపపెట్టె. తెల్లవాఱుజామున చలిలోనే కోతకు దిగుదురు. ఘాటునకు చేతులు మండును, కన్నులు మండును. సాయంకాలము స్నానము చేసినను ఆ మంట విడువదు. వారు కోసిన కాయలు కల్లములలో ఎండి, టిక్కీలని పిలువబడు బస్తాలలో గుంటూరు మిర్చి యార్డు చేరి, అచ్చటినుండి దేశదేశములకు పోవును. లారీడ్రైవరునకు గుంటూరునుండి దూరనగరములకు పోవు దారి తెలియును గాని, ఆ కాయ కోసిన చేయి ఎచ్చటినుండి వచ్చెనో తెలియదు.

పిల్లల సంగతి వేఱుగా చెప్పవలెను. వెంట వచ్చిన పిల్లలు సరిగా వార్షిక పరీక్షలకు ముందు కొన్ని నెలలు బడి మానుదురు. ఎనిమిదవ తరగతి చదువు పిల్ల గట్టున చంటితమ్ముని ఆడించుచు కూర్చుండును; పదునైదేండ్ల అన్న తల్లితోపాటు సాలు పట్టి కోయును. ఇందుకై ప్రభుత్వము వారి సొంత ఊళ్ళలో కొన్నిచోట్ల వలసకాలపు వసతి గృహములు నడుపుచున్నది. తల్లిదండ్రులు సుగ్గికి పోయిన నెలలలో పిల్లలు అచ్చట తిని, పరుండి, తమ బడికే పోవచ్చును. అవ్వాతాతలు ఇంటనున్నచో కొందఱు పిల్లలను వారికడ విడిచి వత్తురు. ఐనను చంటివారిని చూచుకొనుటకు పెద్దపిల్ల కావలసిన ఇంటివారు ఆమెను వెంటనే తీసికొని వచ్చుచున్నారు.

ఫాల్గుణమాసమున చివరి కోత ముగియును. కూలిలెక్కలు చూచుకొని, కొందఱు కూలితోపాటు ఇంటికి సరిపడు మిరపకాయలును తీసికొందురు. పట్టా మడచి, బిందెలు బోర్లించి, పిల్లలను మూటలనడుమ కూర్చుండబెట్టి, ఉగాదినాటికి ఊరు చేరవలెనని తెల్లవాఱుజామున బయలుదేఱుదురు.